మా తమ్ముడు "వాళ్ళకి అట్లానే కావాల" అంటున్నాడు. వాడితో ఎట్లా మాట్లాడాలి?

చంద్రగిరి_అక్క
పోయిన ఆదివారం మధ్యాహ్నం అందరం కూర్చుని సంగటి తింటున్నాం. టీవీలో వేరే దేశంలో జరిగిన బాంబు దాడి వార్త వచ్చింది. సంతలో పేలిందంట. రోడ్డు మీద చిన్నపిల్లల చెప్పులు పడున్నాయి. అమ్మ "అయ్యో" అంది. మా తమ్ముడు తల కూడా ఎత్తకుండా "వాళ్ళకి అట్లానే కావాల" అన్నాడు. అని, ముద్ద పులుసులో అద్దుకుని తిన్నాడు. నాకు మాత్రం ఆ తర్వాత ముద్ద దిగలేదు.

వాడికి 24 ఏళ్ళు. బీటెక్ అయింది. కానిస్టేబుల్ ఉద్యోగానికి రెండుసార్లు ప్రయత్నించాడు, రాలేదు. ఇప్పుడు తిరుపతిలో ఒక సెల్‌ఫోన్ షాపులో చేస్తున్నాడు. వీధికుక్కకు కాలు విరిగితే ఆటో మాట్లాడి పశువుల ఆసుపత్రికి తీసుకుపోయినోడు వీడే. ఏడాదిగా ఏదో గ్రూపులో ఉన్నాడు. రాత్రి రెండింటి దాకా ఫోన్ వెలుగుతూనే ఉంటుంది.

ఏ వర్గమో, ఏ సంస్థో రాయను. రాస్తే చర్చ మొత్తం అటే పోతుంది. నా ప్రశ్న ఒకటే. కుక్కకు కట్టు కట్టించినోడు చిన్నపిల్లలు చచ్చిపోతే సబబే అని ఎట్లా అనగలుగుతున్నాడు?

రేణిగుంట_రైలు
ఫోన్ లాక్కోండి. సగం రోగం అక్కడే ఉంది.

చంద్రగిరి_అక్క
24 ఏళ్ళ వాడి ఫోన్ ఎట్లా లాక్కుంటానన్నా? పైగా వాడు పనిచేసేదే ఫోన్ల షాపులో.

రేణిగుంట_రైలు
సరే, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా 🙂

బెల్లంబట్టీ
మంచి జీతం లేక వచ్చే కోపం ఇదంతా. నెలకు 40 వేలు వచ్చే ఉద్యోగం చూపించండి, పెళ్ళి చేయండి. మూడు నెలల్లో గ్రూపూ ఉండదు, గోలా ఉండదు.

ఎస్వీయూ_పాతబ్యాచ్
అందరూ అలాగే అనుకుంటారు అన్నా. మేం సైకాలజీ చదివేటప్పుడు మేమూ అలాగే అనుకున్నాం. అలన్ క్రూగర్ అనే అమెరికా ఆర్థికవేత్త ఇంకొకరితో కలిసి 2003లో దీని మీద ఒక పరిశోధన ప్రచురించాడు. లెబనాన్‌లో చనిపోయిన హిజ్బుల్లా అనే సాయుధ సంస్థ సభ్యుల వివరాలు తీసుకుని అక్కడి మిగతా జనంతో పోల్చి చూశారు. చనిపోయినవాళ్ళలో పేదలు తక్కువ, హైస్కూలు, ఆపైన చదివినవాళ్ళు ఎక్కువ. పాలస్తీనాలో అభిప్రాయ సేకరణలు చూసినా చదువు పెరిగే కొద్దీ ఇజ్రాయెల్ మీద దాడులకు మద్దతు తగ్గిన దాఖలా కనపడలేదు.

పేదరికానికి అసలు సంబంధమే లేదని నేననను. కానీ అది నేరుగా పోయే దారి కాదు. అక్క తమ్ముడు ఆకలితో లేడు. ఇంకేదో తక్కువైంది.

పుత్తూరు_పావని
మా ఊళ్ళో 2013 అక్టోబరులో జరిగింది గుర్తుందా? తెల్లవారకముందే తమిళనాడు పోలీసులు వచ్చి, ఉగ్రవాద కేసుల్లో వెతుకుతున్నవాళ్ళు దాక్కున్న ఒక ఇంటిని చుట్టుముట్టారు. గంటల తరబడి ఊరు ఊరంతా మిద్దెల మీదే. ఆ తర్వాత నెల రోజులు బజారులో అందరిదీ ఒకటే మాట, "మామూలు మనుషుల మాదిరే ఉన్నారే" అని. మామూలుగా ఉండరని ఎందుకనుకున్నామో నాకు ఇప్పటికీ తెలీదు.

ఎస్వీయూ_పాతబ్యాచ్
పావనిగారూ, మీ మాటే పరిశోధకులు కూడా అన్నారు. హింసా సంస్థల్లో ఉన్నవాళ్ళకు ప్రత్యేకంగా ఏదో పిచ్చి ఉంటుందనే ఆలోచనను మార్తా క్రెన్‌షా అనే పరిశోధకురాలు 1981లోనే తోసిపుచ్చింది. వాళ్ళలో ఎక్కువగా కనపడేది మామూలుతనమే అని రాసింది.

తిరుపతి_టాకీస్
దూరదేశాలు ఎందుకు, నా కథ వినండి. 2000ల మొదట్లో ఒక హీరో అభిమాన సంఘంలో ఉన్నా. ఎవరో మా హీరో బ్యానర్ చించారని తెలిసింది. లీలామహల్ సర్కిల్ దగ్గర ఒక 40 మంది బైకులతో జమయ్యాం. చించింది ఎవరో మాలో ఒక్కడికీ తెలీదు. అవతలి హీరో అభిమాని ఎవడు కనపడినా చాలు. కనపడ్డాడు. టీ తాగుతున్నాడు. వాడి తల పగిలింది. నేను కొట్టలేదు, వెనక నిలబడి అరిచాను.

చెప్పాల్సింది ఇది కాదు. ఆ రాత్రి నాకు హాయిగా నిద్ర పట్టింది. అంత హాయిగా ఎప్పుడూ పట్టలేదు. ఇరవై ఏళ్ళ తర్వాత కూడా నన్ను భయపెట్టేది ఆ నిద్రే.

కడప_కోడలు
టాకీస్ అన్నా, ఇది బయట పెట్టడం చిన్న విషయం కాదు.

లెక్కల_మాస్టారు
టాకీస్ గారి అనుభవానికి దగ్గరగా ఒక ప్రయోగం ఉంది. ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో 1970 ప్రాంతంలో హెన్రీ తజ్‌ఫెల్ అనే ఆయన బడి పిల్లలతో చేశాడు. తెర మీద చుక్కలు చూపించి ఎన్ని ఉన్నాయో చెప్పమన్నాడు. తర్వాత "నువ్వు ఎక్కువ చెప్పే జట్టు", "నువ్వు తక్కువ చెప్పే జట్టు" అని విడదీశాడు. నిజానికి ఆ విభజన చీట్లు వేసినట్టే జరిగింది. తన జట్టులో ఎవరున్నారో ఏ పిల్లవాడికీ తెలీదు, ముఖం కూడా చూడలేదు. అయినా డబ్బు పంచమంటే సొంత జట్టుకే ఎక్కువ వేశారు. కొందరైతే తమ జట్టుకు వచ్చేది కొంచెం తగ్గినా ఫరవాలేదు, అవతలి జట్టు కంటే ముందుంటే చాలన్నట్టు పంచారు.

ఈ తజ్‌ఫెల్ పోలండు యూదుడు. యుద్ధంలో జర్మన్లకు ఖైదీగా చిక్కి బతికి బయటపడ్డాడు. తిరిగొచ్చేసరికి తనవాళ్ళంటూ దాదాపు ఎవరూ మిగల్లేదు. ఆ మనిషి చుక్కలు లెక్కపెట్టించి మరీ ఎందుకు వెతికాడో అర్థమవుతుంది.

విశ్రాంత_హెడ్
33 ఏళ్ళు పోలీసు డిపార్ట్‌మెంట్‌లో చేశాను. మీ మాటలు వింటుంటే తప్పు చేసినవాడికి సాకులు వెతుకుతున్నట్టుంది. చుక్కలంట, జట్లంట. 2003 అక్టోబరు 1న అలిపిరిలో ముఖ్యమంత్రి కాన్వాయ్ మీద మందుపాతరలు పేల్చినప్పుడు నేను తిరుపతిలోనే డ్యూటీలో ఉన్నా. బ్రహ్మోత్సవాలకు పట్టువస్త్రాలు తీసుకుపోతున్న రోజు. ఆయన బతకడం అదృష్టం. వారం తర్వాత మఫ్టీలో ఒక టీ బంకు దగ్గర కూర్చుంటే చదువుకున్న పెద్దమనుషులు మాట్లాడుకుంటున్నారు. "తప్పే, కానీ..." అని. ఆ "కానీ" తర్వాత పావుగంట మాట్లాడారు. తప్పు గురించి మాట్లాడింది ఒక్క ముక్క.

వాళ్ళలో ఎవరూ చీమను కూడా చంపరు. కానీ అడవిలో ఉన్నవాడికి బలం ఆ "కానీ" నుంచే వస్తుంది.

ఎస్వీయూ_పాతబ్యాచ్
సార్, మీరు చెప్పింది మా వాదనకు ఎదురుకాదు, ఇంకా బలం. అర్థం చేసుకోవడమంటే క్షమించడం కాదు. డాక్టరు జ్వరానికి కారణం వెతికితే జ్వరాన్ని మెచ్చుకున్నట్టా?

విశ్రాంత_హెడ్
జ్వరం వచ్చినవాడు పక్కింటివాణ్ణి చంపడు బాబూ.

కడప_కోడలు
హెడ్ గారి "కానీ" చదివి ఇది రాస్తున్నా. ఇన్నేళ్ళలో ఎక్కడా చెప్పలేదు.

నేను పుట్టింది చిత్తూరులో. ఫ్యాక్షన్ ఉన్న ఊరికి కోడలిగా పోయాను. పెళ్ళైన మొదటి ఏడాది అవతలి వర్గం మనిషిని ఒకణ్ణి చంపారు. ఆ రోజు మా ఇంట్లో పాయసం చేశారు. కొత్త కోడల్ని కదా, వడ్డించింది నేనే. మా అత్త దేవుడి గదిలో దీపం పెట్టనిదే మంచినీళ్ళు ముట్టదు. పనిమనిషి కూతురి పెళ్ళికి తన గాజులు ఇచ్చింది. ఆ మనిషే రెండోసారి అడిగి పాయసం వేయించుకుంది.

వాళ్ళ మాటల్లో "చంపడం" అనే మాటే ఉండేది కాదు. మన మనిషైతే "పోయాడు". అవతలి మనిషైతే "వికెట్ పడింది". "వేసేశారు", "లేపేశారు", "సాఫ్ అయింది". కలుపు తీసినట్టు, ఇల్లు ఊడ్చినట్టు. మూడేళ్ళు తిరిగేసరికి నా నోట్లో కూడా అవే మాటలు. పుట్టింటికి వచ్చినప్పుడు ఒకసారి అలాగే అన్నాను. మా నాయన తింటున్న కంచం ముందు నుంచి లేచిపోయాడు. అప్పుడు వినపడింది నాకు నా గొంతు.

పుత్తూరు_పావని
చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను అక్కా.

ఎస్వీయూ_పాతబ్యాచ్
అక్కా, మీరు చెప్పిన మాటల మార్పు మీద ఆల్బర్ట్ బందూరా అనే శాస్త్రవేత్త చాలా రాశాడు. మనిషి తన మనస్సాక్షిని చంపుకోడు, దాన్ని కాసేపు పక్కన కూర్చోబెడతాడు. అందుకు దారులు కొన్నే. చేసేదానికి మెత్తటి పేరు పెట్టడం, "వాళ్ళు చేసినదాని ముందు ఇదెంత" అని పోల్చడం, బాధ్యత పెద్దల మీదకో గుంపు మీదకో నెట్టడం, అవతలివాణ్ణి మనిషి జాబితాలోంచి తీసేయడం.

1994లో రువాండాలో వంద రోజుల్లో లక్షల మందిని చంపారు. అక్కడ రేడియోలో టుట్సీ అనే తెగవాళ్ళను "బొద్దింకలు" అన్నారు. చంపడానికి పోవడాన్ని "పని" అన్నారు. పొద్దున పనికి పోయి సాయంత్రం వచ్చినట్టు. మీ ఊళ్ళో "సాఫ్", అక్కడ "పని".

బెల్లంబట్టీ
మరి రేడియోనే కదా ఎక్కించింది? ఇప్పుడు ఫోన్ ఎక్కిస్తోంది. రైలు అన్న మొదట్లోనే కరెక్టుగా చెప్పాడు.

ఎస్వీయూ_పాతబ్యాచ్
పూర్తిగా కాదు. స్కాట్ స్ట్రాస్ అనే పరిశోధకుడు రువాండా జైళ్ళకు పోయి, చంపినవాళ్ళను 200 మందికి పైగా కూర్చోబెట్టి మాట్లాడాడు. ఎక్కువమంది రేడియో విని బయల్దేరినవాళ్ళు కాదు. ఇంటికి మనుషులు వచ్చి పిలిచారు. రాకపోతే ఏమవుతుందో అన్న భయం, యుద్ధం భయం, తెలిసినవాళ్ళ ఒత్తిడి. రేడియో గాలి వేసింది, నిప్పు పట్టుకొచ్చింది పక్కింటివాళ్ళు.

నిర్వాహకుడు
పార్టీల పేర్లతో వచ్చిన రెండు పోస్టులు తీసేశాను. అక్క మొదటి పోస్టులోనే వద్దన్నారు. దయచేసి గుర్తుంచుకోండి.

మామిడితోట_దామలచెరువు
పక్కింటివాళ్ళు అన్నారు కాబట్టి మా చిన్నాయన సంగతి. 90ల్లో ఇంటర్ చదువుతూ అడవికి పోయాడు. ఆయన పుస్తకాలు చదివి పోయాడని ఊరంతా అనుకుంది. తిరిగొచ్చాక నేనే అడిగా. "ఏ పుస్తకం రా, రూమ్మేట్ పోతా ఉంటే వాడితో పోయినా. పుస్తకాలు అక్కడ ఇచ్చినారు" అన్నాడు.

అయితే ఇంకో మాట కూడా చెప్పాడు. కాలేజీలో ఫీజు కట్టలేదని అందరి ముందు నిలబెట్టారంట. అడవిలో మొదటి రోజే ఒకాయన పక్కన కూర్చోబెట్టుకుని "నువ్వు ఏమనుకుంటున్నావు" అని అడిగాడంట. అప్పటిదాకా ఆయన్ని ఎవరూ ఆ మాట అడగలేదు.

లెక్కల_మాస్టారు
దామలచెరువు తమ్ముడూ, ఆ రూమ్మేట్ సంగతి లెక్కల్లో కూడా ఉంది. మార్క్ సేజ్‌మన్ అనే ఆయన అల్‌ఖైదా, దాని అనుబంధ సంస్థల్లో చేరిన 172 మంది జీవితాలు సేకరించి 2004లో పుస్తకం వేశాడు. ఎక్కువమంది స్నేహితుల ద్వారా, బంధువుల ద్వారా చేరినవాళ్ళే. ముందు జత, తర్వాత సిద్ధాంతం.

కానీ నాకొక అనుమానం తీరలేదు. ఫీజు కట్టలేదని నిలబెట్టినవాళ్ళు నా 30 ఏళ్ళ సర్వీసులో వేలమంది. ఉద్యోగం రానివాళ్ళు లక్షలమంది. అందరూ అడవికి పోలేదు, అందరూ "అట్లానే కావాల" అనలేదు. అందరికీ ఉన్న కారణం ఎవరికీ కారణం కాదు కదా?

ఎస్వీయూ_పాతబ్యాచ్
మాస్టారూ, అసలు ప్రశ్న ఇదే. దీనికి నాకు నచ్చిన జవాబు ఏరీ క్రుగ్లాన్‌స్కీ అనే ఆయనది. మూడు కలవాలి అంటాడు. ఒకటి, నేను లెక్కలోకి వస్తానా రానా అనే గాయం. రెండు, ఆ గాయానికి ఫలానావాళ్ళే కారణం, వాళ్ళను కొడితే నువ్వు మొనగాడివి అని చెప్పే కథ. మూడు, ఆ కథ నమ్మి నిన్ను మెచ్చుకునే జతగాళ్ళు. గాయం లక్షలమందికి ఉంటుంది. ఆ గాయంతోనే ఒకడు ఆర్మీ సెలక్షన్‌కు పరిగెత్తుతాడు, ఒకడు భజన బృందంలో చేరతాడు, ఒకడు దుబాయ్ పోతాడు. ఏ కథ, ఎవరి జత దొరికిందన్న దాన్ని బట్టి దారి మారుతుంది.

చంద్రగిరి_అక్క
ఇది చదివి చెయ్యి వణికింది. నిన్న వాడు స్నానానికి పోయినప్పుడు ఫోన్ వెలిగింది. చూడకూడదు, చూశాను. ఆ గ్రూపులో వాడు అడ్మిన్. పద్దెనిమిదేళ్ళ పిల్లలు వాణ్ణి "అన్నా, అన్నా" అంటున్నారు. "అన్న చెప్తే ఫైనల్" అని ఒకడు పెట్టాడు.

ఇంట్లో మేం వాణ్ణి "ఒరేయ్" అంటాం. "ఒరేయ్ గ్యాస్ తీసుకురా", "ఒరేయ్ ఇంకా రిజల్ట్ రాలేదా". షాపులో "ఏయ్ బాబూ" అంటారు. వాణ్ణి గౌరవంగా పిలిచేది ఆ గ్రూపు ఒక్కటే.

విశ్రాంత_హెడ్
అమ్మా, ఒక్కటి సూటిగా అడుగుతా. ఆ గ్రూపులో ఫలానా ఊరు, ఫలానా మనిషి, ఫలానా తేదీ అని ఏమైనా ఉందా? ఆయుధం కొనడం గురించి ఉందా?

చంద్రగిరి_అక్క
నేను చూసినంతలో లేదు సార్. వీడియోలు, తిట్లు, చప్పట్లు.

విశ్రాంత_హెడ్
అయితే ఇంకా మాటల్లోనే ఉన్నాడు. సమర్థించేవాళ్ళలో నూటికి తొంభై మందికి పైగా ఏమీ చేయరు, నా సర్వీసులో నేను చూసిందీ అదే. కానీ పేరు, చోటు, తేదీ కనపడిన రోజు తమ్ముడని చూడొద్దు. అదే రోజు పోలీసులకు చెప్పు. వాణ్ణి కాపాడేది కూడా అదే.

ఎస్వీయూ_పాతబ్యాచ్
సార్ మాటకు నూటికి నూరు మార్కులు. అభిప్రాయం ఒక మెట్ల దారి, చేత ఇంకో మెట్ల దారి అని మెకాలీ, మొస్కలెంకో అనే ఇద్దరు పరిశోధకులు వేరువేరుగా చూపిస్తారు. ఒకదాని మీద పైకెక్కినవాడు రెండోదాని మీద ఉంటాడని లేదు.

పేరు_వద్దు
ఈ వేదికలో చాలా కాలంగా చదువుతున్నా, ఇదే మొదటి పోస్టు. అలాంటి గ్రూపులో రెండేళ్ళు ఉన్నా. తిరుపతే.

అక్కా, లోపల ఎలా ఉంటుందో చెప్తాను. మొదట్లో ఆ వీడియోలు చూస్తే కడుపులో తిప్పేది. కానీ అందరూ చప్పట్ల బొమ్మలు పెడుతున్నారు. నాకే ఏదో ధైర్యం తక్కువ అనుకుని నేనూ పెట్టాను. బయటికొచ్చాక ఇంకో ఇద్దరితో మాట్లాడితే వాళ్ళకూ కడుపులో తిప్పేదంట. వాళ్ళూ నన్ను చూసే పెట్టారంట. రెండేళ్ళలో ఒక్కడంటే ఒక్కడు "ఇది తప్పు కదా" అనుంటే నేను ఆ రోజే ఊపిరి పీల్చుకునేవాణ్ణి.

బయటికి ఎందుకొచ్చానంటే, ఒక రోజు ఒక పేరు పెట్టి ఇంటి అడ్రస్ తెలిసినవాళ్ళు పెట్టండి అన్నారు. నాకు తెలుసు. పదో తరగతి పరీక్షలప్పుడు వాళ్ళ మిద్దె మీద దోమతెర కట్టుకుని చదువుకున్నాం. వాళ్ళమ్మ రాత్రి పదకొండుకు టీ ఇచ్చేది. ఫోన్ పట్టుకుని చాలాసేపు కూర్చున్నా. పెట్టలేదు. వాడికి ఫోన్ చేసి చెప్పాను, తర్వాత స్టేషన్‌లో కూడా చెప్పాను.

ఇంట్లో అందరూ "సిగ్గు లేదా" అని చాలాసార్లు అడిగారు. "నీకేమైంది" అని ఒక్కరూ అడగలేదు.

లెక్కల_మాస్టారు
నాయనా, నువ్వు చేసింది చాలా పెద్ద పని. నీ "ఒక్కడు అనుంటే" చదివి సోలమన్ యాష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త గుర్తొచ్చాడు. 1950ల్లో గీతల పొడవులు చూపించి ఏది సమానమో చెప్పమన్నాడు. ముందే కుదుర్చుకున్న మనుషులంతా తప్పు చెప్తే, నాలుగింట మూడొంతుల మంది కనీసం ఒక్కసారైనా కళ్ళెదుట కనపడుతున్నదాన్ని కాదన్నారు. గుంపులో ఒక్కడు నిజం చెప్తే చాలు, ఆ లొంగడం బాగా పడిపోయింది.

తిరుపతి_టాకీస్
ఆ రోజు లీలామహల్ సర్కిల్ దగ్గర ఆ ఒక్కడు నేనై ఉండాల్సింది.

బెల్లంబట్టీ
మొదట్లో జీతం, పెళ్ళి అని తేల్చేశాను. పేరు_వద్దు రాసింది చదివాక ఆ మాట నిలబడదని అర్థమైంది. కానీ గాయం మానాలన్నా ఏదో ఒక పని ఉండాలి కదా?

మామిడితోట_దామలచెరువు
పని కావాలి అన్నా. డబ్బుకే కాదు. చిన్నాయన లొంగిపోయి వచ్చిన కొత్తల్లో ఇంట్లోంచి కదిలేవాడు కాదు. ఊరివాళ్ళు పలకరించడానికి భయపడేవాళ్ళు. ఒక ఎండాకాలం చెరువు నీళ్ళ పంపకంలో గొడవ వచ్చింది. మా తాత "నువ్వు లెక్క రాయి, నీ మాట ఎవరూ కాదనరు" అన్నాడు. ఆ రోజు నుంచి ఆయన మనిషయ్యాడు. ఇప్పటికీ ఆయన నోట్‌బుక్ లేకుండా మా ఊళ్ళో తూము ఎత్తరు.

ఎస్వీయూ_పాతబ్యాచ్
శ్రీలంకలో 2009 తర్వాత వేలమంది ఎల్టీటీఈ సభ్యులను పునరావాస కేంద్రాల్లో పెట్టారు. క్రుగ్లాన్‌స్కీ బృందం అక్కడికి పోయి చూసింది. చేతిపని నేర్పి, మనిషిగా విలువ ఇచ్చిన చోట, నేను ఎందుకూ పనికిరాను అనే భావన తగ్గినవాళ్ళలో హింస మీద మొగ్గు కూడా తగ్గింది. మీ తాత ఆ పరిశోధన చదవకుండానే చేశాడు.

పుత్తూరు_పావని
2021 నవంబరు వానలప్పుడు రాయలచెరువు కట్టకు గండి పడుతుందని భయపడిన రోజులు గుర్తున్నాయా? మా బంధువుల ఊళ్ళో పండగొస్తే కొట్టుకునే రెండు వీధుల కుర్రోళ్ళు కలిసి రాత్రంతా ముసలోళ్ళను, గొడ్లను మెరకకు చేర్చారు. ఒకే గిన్నెలో ఉప్మా తిన్నారు. మరుసటి ఏడాది మళ్ళీ కొట్టుకున్నారు, అది కూడా చెప్పాలి. కానీ ముందంత లేదు.

లెక్కల_మాస్టారు
1954లో అమెరికాలో ముజఫర్ షరీఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన వేసవి శిబిరం ప్రయోగం అచ్చంగా ఇదే. 22 మంది పిల్లలు, రెండు జట్లు, జెండాలు కాల్చుకునేదాకా పోయింది. కలిపి సినిమా చూపించినా, కలిపి భోజనం పెట్టినా తగ్గలేదు, అన్నాలు విసురుకున్నారు. శిబిరానికి నీళ్ళు ఆగిపోతే అందరూ కలిసి వెతకాల్సి వచ్చింది. అలాంటివి నాలుగైదు పడ్డాక గానీ మెత్తబడలేదు.

రేణిగుంట_రైలు
దామలచెరువు తమ్ముడూ, ఇంత చెప్పావు, మామిడికాయలు మాత్రం పంపలేదు.

మామిడితోట_దామలచెరువు
సీజన్ రానీ అన్నా, నీకు ఒక బుట్ట.

చంద్రగిరి_అక్క
నిన్న రాత్రి మిద్దె మీద వాడి పక్కన కూర్చున్నా. గ్రూపు గురించి ఎత్తలేదు. "గ్రౌండ్‌లో ఆ రోజు ఏమైంది రా" అని అడిగా. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగలేదు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. కానిస్టేబుల్ సెలక్షన్‌లో 1600 మీటర్ల పరుగులో చివరి రౌండులో పడిపోయాడంట. లేచేసరికి ఎవరో వీడియో తీశారు, కాలేజీవాళ్ళంతా స్టేటస్ పెట్టుకున్నారు. మాకెవరికీ తెలీదు. కాలు బెణికింది అని మాత్రమే చెప్పాడు అప్పుడు.

ఆ తర్వాత నేను ఒకే మాట అన్నా. "ఆ సంతలో చెప్పులు చూసినావు కదా, మన పాప చెప్పులు కూడా అదే సైజు" అని. జవాబు చెప్పలేదు. లేచి కిందికి పోయాడు. కోప్పడ్డాడో, ఏమనుకున్నాడో తెలీదు. గ్రూపులో ఇంకా ఉన్నాడు. రాత్రి ఫోన్ వెలుగుతూనే ఉంది.

దామలచెరువు తమ్ముడూ, మీ చిన్నాయన మావాడితో ఒకసారి మాట్లాడతారా?

మామిడితోట_దామలచెరువు
ఇప్పుడే అడిగాను అక్కా. మాట్లాడను అన్నాడు. తూము దగ్గర కొలతలు తీయడానికి ఒక మనిషి కావాలి, చదువుకున్నోడైతే మేలు, శనివారం పొద్దున ఆరుకు పంపమన్నాడు. పాత బట్టలు వేసుకోమనండి, బురదగా ఉంటుంది.